ఇప్పపూల పొద్దున పెట్టిన సంతకం

అతను మా పెద్దదాని తల మీద చెయ్యి వేసి, "మూడో క్లాసు కద, కిటికీ పక్కన కూర్చుంటది" అన్నప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

కొంటా సంతలో, ఎండుచేపల వరస దగ్గర జరిగిందిది. చిన్నవాడు నా చంకలో ఉన్నాడు. ఆ మనిషి మా బ్లాకులో అధికార పార్టీ పనులన్నీ చూసేవాడు. అంతకుముందు నాతో రెండు మాటలు కూడా మాట్లాడి ఉండడు. నా కూతురు ఏ క్లాసో నేనెప్పుడూ అతనికి చెప్పలేదు. కిటికీ సంగతి నాకే తెలియదు. ఇంటికి వచ్చి అడిగితే, "అవునమ్మా, మొన్ననే జాగ మార్చిన్రు" అంది పిల్ల.

"పంచాయతీల నకలు కాయితం కోసం అర్జీ పెట్టిన్రంట, మేడం" అన్నాడు నవ్వుతూ. "మీకెందుకు తిప్పలు? అడిగితే మేమే ఇంటికి పంపకపోదుమా?"

అలా అంటూనే పిల్లలిద్దరికీ జిలేబీ పొట్లం కట్టించాడు. కూతురు నా ముఖంలోకి చూసింది. తీసుకొమ్మని తల ఊపాను. అలా ఊపినందుకు ఇవాళ్టికీ నా మీద నాకు కోపమే.

ఆ నకలు దేనికో చెప్పాలంటే ముందు మా నీళ్ళ సంగతి చెప్పాలి. మా ఊరు శబరి ఒడ్డున ఉంది. చేతిపంపు నీళ్ళు తుప్పు వాసన కొడతాయి, వాటితో వండితే అన్నం ఎర్రబడుతుంది. అందుకని చలికాలం దాటి ఏరు సన్నబడ్డాక మేం తాగేదంతా చెలమ నీళ్ళే. ఇసుకలో గుంట తీసి, బురద పేరుకుని నీళ్ళు తేరేదాకా ఆగి, సొరకాయ బుర్రతో తోడుకుంటాం. జగదల్‌పూర్‌లో బీఏ చదివి కోడలిగా వచ్చిన నాకు ఆ పని మా అత్త నేర్పింది. "మోచేయి దాకా తవ్వు, అంతకు మించొద్దు. ఇసుకకు ఓపిక ఉంటది, నీకే లేదు" అనేది.

ఆ ఇసుక మీద ఒక కాంట్రాక్టరు కన్ను పడింది. పట్నంలో ఉంటాడు, రోడ్లు వేస్తాడు, వంతెనలు కడతాడు. పార్టీ సభలకు బళ్ళు, మైకులు, భోజనాలు ఆయనవే. అంతకుముందు ఇంకో పార్టీ గద్దె మీద ఉన్నప్పుడు వాళ్ళకూ ఆయనే పెట్టాడు. మా పంచాయతీకి ఆయన దానమిచ్చిన కుర్చీల వీపులు దగ్గరగా చూస్తే, పాత పార్టీ రంగు గీకేసి కొత్త రంగు పూసిన గీతలు కనిపిస్తాయి. ఏ ఎన్నికలోనూ ఓడిపోని మనిషి మా దగ్గర ఆయనొక్కడే. ఆయన ఎన్నడూ నిలబడనూ లేదు.

మా సర్పంచి ఎన్నిక కూడా అలాగే జరిగింది. ముగ్గురు ఆడవాళ్ళు నామినేషన్ వేశారు. ఒక్క మధ్యాహ్నంలోనే ఇద్దరు వెనక్కి తీసుకున్నారు. ఒకామె తమ్ముడికి కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు పని దొరికింది. రెండో ఆమె ఎందుకు తీసుకుందో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. మూడో ఆమె పోటీ లేకుండా గెలిచిందని సాయంత్రం ఊరంతా లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను. మా ఓటు పోయిందని ఆ తీపిలో మాకు తట్టలేదు.

ఇక నా తప్పు. ఇప్పపూలు రాలే రోజుల్లో మా ఊళ్ళో పొద్దున పూట మనిషన్నవాడు ఉండడు. తెల్లవారకముందే ఎవరి చెట్ల కిందికి వాళ్ళం వెళతాం. ఆలస్యమైతే పశువులు, ఎలుగుబంట్లు తినేస్తాయి. ఎండ ముదిరేదాకా వంగి ఏరుతూనే ఉంటాం. అందుకని ఆ రోజుల్లో సంతకాలేవైనా కావాలంటే పంచాయతీ నౌకరే రిజిస్టరు పట్టుకుని చెట్టు చెట్టుకీ వస్తాడు. రేషను కార్డుకైనా పెన్షనుకైనా ఎన్నో ఏళ్ళుగా అదే పద్ధతి. ముందు సంతకం, పైన రాత తర్వాత. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు.

ఆ పొద్దున కూడా వచ్చాడు.

"ఏంది కాయితం?" అన్నాను.

"చేతిపంపు మరమ్మతుకు, వదినె. సచివ్ సాబ్ పైన తర్వాత రాస్తడు." సచివ్ అంటే మా పంచాయతీ కార్యదర్శి.

పూల జిగురు అంటిన చేతుల్ని చీరకు తుడుచుకుని ఖాళీ పేజీలో మొదటి వరసలో సంతకం పెట్టాను, నా కాలేజీ అక్షరాలతో, పెద్దగా. అతను ఆ పేజీ పట్టుకుని మిగతా చెట్ల కిందికి వెళ్ళాడు. "గురూజీ ఇంటామె పెట్టింది, ఇగ చూడున్రి" అన్నాడట. గురూజీ అంటే మా ఆయన, బడి పంతులు. అందరూ వేలు ఒత్తారు. మా అత్త కూడా ఒత్తింది.

మూడు వారాలకు చెలమల పక్కన ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతారు. కొలతలు తీస్తున్న మనిషిని అడిగితే, "మీ గ్రామసభే ఒప్పుకుంది కద" అన్నాడు. నకలు కోసం నేను అర్జీ పెట్టింది అప్పుడే. సంతలో ఆ మనిషి మా పిల్ల తల మీద చెయ్యి వేసింది ఆ వారంలోనే.

నకలు వచ్చింది. ఫలానా రోజు పొద్దున పదింటికి బడి ముందర గ్రామసభ కూర్చుందనీ, ఇసుక తీయడానికి అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారనీ ఉంది. కింద మొదటి సంతకం నాదే.

మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన పక్క ఊరి ఆశ్రమ పాఠశాలలో అతిథి టీచరు. ప్రతి జూన్‌లోనూ కొత్తగా జాబితా వేస్తారు, పేరుంటే పని ఉంటుంది, లేకపోతే లేదు. ఆ ప్రస్తావ్, అంటే తీర్మానం, చదివి వినిపించడానికి గ్రామసభ పెడతామని అప్పటికే ఊళ్ళో చాటింపు వేశారు.

"గ్రామసభలో లేచి ఈ సంతకం నాది కాదంటవా?" అన్నాడు.

"నాదే. చదవకుండా పెట్టిన అని చెప్త. వెనక్కి తీసుకుంటున్న అని చెప్త."

"ఈసారి జాబితాల నా పేరు ఉండదు."

"ఉండకపోవచ్చు."

"వాళ్ళకు మన పిల్ల ఏ బెంచీల కూర్చుంటదో గూడ తెలుసు."

అరుగు మీద తునికాకు కట్టలు కట్టుకుంటున్న మా అత్త తల ఎత్తకుండానే అంది: "నీ పని పోతే ఇంకోటి చూసుకుంటవు కొడుకా. ఇసుక పోతే నేను యాడ తవ్వాలె?"

గ్రామసభ రోజు బడి ముందర రంగుల షామియానా వేశారు. అదీ కాంట్రాక్టరుదే. కుర్చీల్లో పార్టీ వాళ్ళు, మధ్యలో సర్పంచి, పక్కన సచివ్ కూర్చున్నారు. మేమంతా కింద పరిచిన దరీల మీద. సంతలో కలిసిన మనిషి లేచి, "ప్రస్తావ్ ఎప్పుడో పాసైంది. ఇయ్యాల చదివి వినిపిస్తం, అంతే. వికాసం వద్దనేటోళ్ళు మన ఊర్ల ఎవరూ లేరని నాకు తెలుసు" అన్నాడు.

చిన్నవాణ్ణి ఎత్తుకునే లేచాను.

"మేడం, పిలగాడు ఏడుస్తడు, ఇంట్ల పండబెట్టి రారాదు?" అన్నాడతను. కుర్చీల్లో వాళ్ళు నవ్వారు.

"ఈ నీళ్ళు తాగేటోడు వాడు గూడ. ఉండనియ్యున్రి" అన్నాను.

తర్వాత ఊరి వైపు తిరిగాను. "మొదటి సంతకం నాది. చదవకుండా పెట్టిన. నన్ను చూసి మీరు వేళ్ళు ఒత్తిన్రు. తప్పు నాది" అన్నాను.

వెనక నుంచి మా తోడికోడలు గట్టిగా, "అన్నేళ్ళు బీఏ చదివి ఆఖరుకు మా లెక్కనే వేలుముద్ర అయితివి గద అక్కా!" అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

కాగితం పైకెత్తి తారీఖు చదివాను. "ఆ పొద్దున పదింటికి మనమంతా ఇక్కడ కూర్చుని ఒప్పుకున్నమంట. ఎవరెవరు కూర్చున్నరు?"

"అవి పూలు రాలే రోజులు గాదా?" అన్నాడు ఒక పెద్దాయన.

"మరి మన పూలు ఎవరు ఏరిన్రే, ఎలుగుబంట్లా?"

"నేను వాగు అవతల రెండు చెట్ల కాడున్న. రిజిస్టరు అక్కడికే తెచ్చిండు."

"నేను గుట్ట కింద."

"నా కోడలికి పురుడొచ్చింది ఆ దినమే. నేను కొంటా ఆసుపత్రిల ఉన్న!"

ఒకరి తర్వాత ఒకరు తమ చెట్టు చెప్పుకుంటూ పోయారు. పట్నంలో కూర్చుని ఆ తారీఖు వేసినవాళ్ళు ఒక్కసారైనా ఇప్పచెట్టు కింద వంగి ఉంటే ఆ తప్పు చేసేవాళ్ళు కారు. ఊరందరిలోకీ ముసలామె మా ఊరి పాత భాష దొర్లిలో మాట్లాడింది. కుర్చీల్లో వాళ్ళకు అర్థం కావాలని ఆమె మాటల్ని నేను హిందీలో చెప్పాను. "బస్తర్ రాజ్యం ఉన్నప్పుడు మా అయ్యను ఎవరూ అడగలేదు. హుకుం వచ్చేది, చెట్లు పోయేవి. మీరూ అడగలేదు. కానీ అడిగినమని రాసుకున్నరు. రాజే నయం, అబద్ధం రాయలేదు."

సచివ్ కలం మూసేశాడు. ఇదంతా రాయమంటే, "ఎజెండాల లేదు" అన్నాడు. మా పిల్ల లెక్కల నోటుపుస్తకం తెప్పించి నేనే రాశాను. ఆ రోజు ఎక్కడెక్కడ ఉన్నామో, ఏ మాట చెప్పి వేలు ఒత్తించారో, ఆ ఒప్పుకోలు మాది ఎందుకు కాదో రాశాను. తెలుగులో ఒకసారి, దొర్లిలో ఒకసారి, హిందీలో ఒకసారి చదివాను. సరేనన్నవాళ్ళు వచ్చి సంతకాలు పెట్టారు, వేళ్ళు ఒత్తారు. రానివాళ్ళూ ఉన్నారు. తమ్ముడికి డ్రైవరు పని దొరికినామె దరీ మీద నుంచి లేవలేదు, నా వైపు చూడనూ లేదు. ఆమెను నేనేమీ అనుకోలేదు. ఈసారి నా సంతకం అందరికన్నా ఆఖరున పెట్టాను.

వెళ్ళిపోతూ ఆ మనిషి నా దగ్గర ఆగాడు. "గురూజీకి నా నమస్తే చెప్పున్రి మేడం."

"చెప్త. మీరు గూడ మీ కాంట్రాక్టరు సాబుకు మా ఊరు ఏమన్నదో చెప్పున్రి."

సాయంత్రం మా ఆయన బడి నుంచి వచ్చేసరికే వార్త ఆయనకు అందింది. హెడ్మాస్టరు పిలిచి, జూన్ దాకా ఆగనక్కర్లేదన్నట్టు మాట్లాడాడట. ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆ నోటుపుస్తకం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోట అక్షరం తప్పు దిద్దాడు. "జిల్లా ఆఫీసుల ఇచ్చినప్పుడు ముద్ర కొట్టిన రసీదు తీసుకో. ఉత్త మాటతోని రాకు" అన్నాడు.

తెల్లారాక పిల్లలకు తల దువ్వుతూ చెప్పాను. "నాన్న కొన్ని రోజులు ఇంటికాడ ఉండొచ్చు. ఎందుకని బడిల ఎవరన్నా అడిగితే, మా అమ్మ ఒక తప్పు సంతకం పెట్టి, మళ్ళ వెనక్కి తీసుకుంది అని చెప్పున్రి. దాచకున్రి." చిన్నవాడికి అదేమీ అర్థం కాలేదు. పెద్దది మాత్రం, "వాళ్ళు మనల్ని కొడతరా?" అని అడిగింది. కొట్టరని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "భయం నాకు గూడ ఉంది. ఇయ్యాల బడి దాకా నేనొస్త. రేపటి నుంచి నువ్వు ఎప్పటి లెక్కనే పెద్ద రోడ్డు మీదనే పో. అడ్డదారిన పోకు" అన్నాను.