ఒక పుస్తకం, నాలుగు పేర్లు

“కొట్టెయ్! ఆ మూడు పేర్లూ కొట్టెయ్ అంటున్నానా! అంత మెల్లగా గీస్తావేమిటి, వాళ్లకేమైనా నొప్పి పుడుతుందా?”

ఉన్‌సిల్ పెన్సిల్ ఆపి ప్రొఫెసర్ ఓక్ సన్‌హ్వా వంక చూసింది. దక్షిణ కొరియాలో, చోంగ్జులోని ఒక విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ విభాగంలో ఉన్‌సిల్ గుమాస్తా. ఓక్ గారు ఈ ఆగస్టు నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. రివాజు ప్రకారం విభాగం అభినందన సంచిక వేస్తోంది, అందులో ఆవిడ జీవితకథ రాసే పని ఉన్‌సిల్ మీద పడింది. కంప్యూటర్ చదువు చదవకపోయినా వినడమంటే ఆమెకు ఇష్టం. మూడు వారాలుగా మధ్యాహ్నం పూట బార్లీ టీ ఫ్లాస్కుతో వచ్చి కూర్చుంటోంది.

చాలా విన్నది. సబుక్ బొగ్గు గనుల్లో తండ్రి కూలీ. చదివే కాలేజీలో కంప్యూటర్ లేక, దానికిచ్చే ఆదేశాలను చిల్లులుగా పొడిచిన అట్టల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆవిడ వారం వారం బస్సులో సియోల్ వెళ్లేది. ఒకసారి డ్రైవర్ బ్రేకు వేస్తే ఎనిమిది వందల అట్టలూ కిందపడ్డాయట. బస్సులో అందరూ వంగి ఏరి ఇచ్చారు, ఏది ముందో ఏది వెనకో మాత్రం ఎవరికీ తెలియదు. అది చెప్పి పగలబడి నవ్విన మనిషి, ఇవాళ సంచిక చిత్తుప్రతి చూసి అగ్గిమీద గుగ్గిలమైంది. అందులో ఆవిడ పాఠ్యపుస్తకానికి రచయితలుగా నాలుగు పేర్లున్నాయి. మొదటిది డీన్ తాక్‌ది, ఆవిడది ఆఖరున.

“నలుగురూ కలిసి రాశారని డీన్ గారే చెప్పారు మేడమ్.”

“ఎందుకు చెప్పడూ! రెండు చలికాలాలు చేతులకు తొడుగులేసుకుని రాశానమ్మా నేను. మరుసటేడు ప్రచురణకర్త వచ్చి, ‘పుస్తకం అట్ట మారుద్దాం, ఇంకో ముగ్గురి పేర్లు చేరుద్దాం, వాళ్ల తరగతుల్లోనూ ఇదే కొనిపిస్తారు, అందరూ చేసేదే’ అన్నాడు. అప్పటి విభాగాధిపతికి తాక్ ముద్దుల శిష్యుడు. అందుకే మొదటి పేరు.”

“ఒక్క ముక్కయినా రాశారా ఆయన?”

“రాయడం తర్వాత సంగతి, చదివాడా అని అడుగు! నూట నలభై మూడో పేజీలో నేను చేసిన తప్పుంది. అక్కడున్నట్టు చేస్తే యంత్రం తిరిగిన చోటే తిరుగుతుంది, ఆగదు. నా పిల్లలకు మొదటిరోజే దిద్ది చెబుతాను. ముగ్గురిలో ఒక్కడైనా తప్పు పట్టుకుని నాకు ఫోన్ చేస్తాడేమోనని ప్రచురణకర్తకు చెప్పకుండా చూశాను. ఏడు ముద్రణలు! ఒక్కడు చేస్తేగా!”

ఉన్‌సిల్‌కు నవ్వొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది. “మరి వాళ్ల తరగతుల్లో పిల్లలు తప్పే నేర్చుకున్నారా...?”

“వాళ్ల ఉసురు నాకే తగలాలి,” అంది ఓక్ గారు.

“అసలు మీరెందుకు ఒప్పుకున్నారు మేడమ్?”

“నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం అప్పుడు ఆ విభాగాధిపతి బల్ల మీదుంది. నాలుగు పేర్ల ఒప్పందం మీద సంతకానికి బదులు నా పేరు ముద్ర వేశాను. ఎవరూ చెయ్యి పట్టుకుని వేయించలేదు. అదే నన్ను తినేస్తోంది. ఇదంతా రాయి. వాళ్లు రాయలేదనీ రాయి, నేను ముద్ర వేశాననీ రాయి.”

పెన్సిల్ కదల్లేదు.

“చేతికేమొచ్చింది?”

“నా ఉద్యోగ ఒప్పందం ఈ నెలతో అయిపోతుంది మేడమ్. మళ్లీ ఏడాదికి సంతకం పెట్టాల్సింది డీన్ గారే.”

ఓక్ గారు బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. టీ కప్పు బోర్లాపడి చిత్తుప్రతి తడిసింది. “ముప్పై ఏళ్లయినా అదే బల్ల, అదే కాగితం! సిగ్గులేని మందమ్మా మనది!”

కిటికీ దాకా వెళ్లి వచ్చింది. గొంతు తగ్గింది గాని కోపం తగ్గలేదు.

“నువ్వు రాయకు. ఒక్క అక్షరం వద్దు. ఎన్ని ప్రతులు వేస్తున్నారు?”

“రెండొందలు.”

“రెండొందల్లోనూ నా చేత్తో నేనే రాస్తాను. లే, అచ్చాఫీసుకు వెళ్లు. నా కథ అయ్యాక ఒక పేజీ తెల్లగా వదలమను. ఎందుకని అడిగితే ముసల్దాని చాదస్తమని చెప్పు. పంచేముందు ప్రతుల పెట్టెలన్నీ మా ఇంట్లో దింపాలి. నున్నటి కాగితం మాత్రం వద్దని గట్టిగా చెప్పమ్మా, సిరా అలుక్కుపోతుంది.”