పుల్లలచెరువు దారిలో ఒక సంతకం

భర్త సంతకం లేదని, గర్భస్రావం కోసం వచ్చిన ఆడమనిషిని మా వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో తిప్పి పంపారట. వినగానే ఒళ్లు మండింది. నర్సులకు పాఠాలు చెబుతూ ముప్పై ఏళ్లు గడిపాను. ఇంకా ఈ మాట వినాలా? అక్కడికే ఒకరోజు శిక్షణకు రమ్మని అడగ్గానే సంచి సర్దాను. ఉదయం ఆరింటికి గిద్దలూరులో బస్సెక్కి, మార్కాపురంలో ఇడ్లీ తిని, ఎర్రగొండపాలెం చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి పుల్లలచెరువు వైపు షేర్ ఆటో, మనిషికి నలభై రూపాయలు. దిగిన ఊరి పేరు మాత్రం రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఆటోలో నా పక్కన ముప్పై ఏళ్లామె ఒళ్లో సంచి పట్టుకుని కూర్చుంది. నా నోరు ఊరుకుంటేగా! "ఆసుపత్రికేనా అమ్మా? తోడు ఎవురూ రాలేదా?" అన్నాను. ఆమె ముఖం తిప్పుకుంది. వరస కలిపి ఆరా తీయకుండా మేం ఎవరినీ వదలం, అది ప్రేమేననుకుంటాం.

ఆరోగ్య కేంద్రంలోనూ అదే ప్రేమ. నర్సు మంచిదే. కానీ ఆటోలో నా పక్కన కూర్చున్నామె చీటీ చూసి, వరండాలో అందరి ముందే, "ఏంది వదినా, ఒక్కదానివే వచ్చినావు? మా అన్న యాడ?" అంది.

"బేల్దారి పనికి పోయినాడు."

"ఆయన సంతకం కావాల కదా. పిలుచుకోని రా పో."

ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుని గేటు దాటింది. నా మోకాళ్ల సంగతి మరిచి పరుగెత్తాను. "ఆటోలో నేనడిగింది తప్పమ్మా. నీ సంతకం ఒక్కటే చాలు. లోపల డాక్టరమ్మ తలుపేసి మాట్లాడుతుంది."

"మళ్లా ఎవురన్నా అడిగితే ఎళ్లిపోతా."

"అడగనీయను."

ఆమె రమ్మంటేనే నేనూ లోపలికి వెళ్లాను. డాక్టరమ్మ తలుపు మూసి, "నీకేం కావాలమ్మా?" అని అడిగింది. ఆమె సంచి పక్కన పెట్టి, "ఇద్దురు పిల్లోళ్లు చాలు. ఇప్పుడు నాకొద్దు" అంది. ఎన్ని వారాలో చూసి, మాత్రలు ఎలా పనిచేస్తాయో, నొప్పి, రక్తస్రావం ఎంతవరకు మామూలో, ఏమైతే వెంటనే రావాలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. అన్నీ విన్నాక ఆమె తన పేరు తానే రాసింది.

మధ్యాహ్నం శిక్షణలో తెచ్చిన పాఠం పక్కన పెట్టి, నేను ఆటోలో చేసిన తప్పు నుంచే మొదలుపెట్టాను. నర్సు కళ్లు తుడుచుకుని, "వరస కలపకుంటే పొగరనుకుంటారు మేడం" అంది.

"కలుపు తల్లీ. తలుపేసినాక కలుపు. అప్పుడు కూడా మీ అన్న సంగతి అడగొద్దు."

మాత్ర వేసుకుని సాయంత్రం దాకా అక్కడే ఉన్న ఆమె, తిరుగు ఆటోలో మళ్లీ నా పక్కనే కూర్చుంది. ముప్పై ఏళ్ల పాఠాల కంటే ఆ అరగంట నోరు మూసుకోవడమే నాకు కష్టమైంది. ఆమె దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "మీకు తోడు ఎవురూ రాలేదా పెద్దమ్మా?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ దారిన వెళ్లే వైద్య సిబ్బందికి ఒకటే సూచన: చివరి షేర్ ఆటో నాలుగింటికే, కాబట్టి రాగానే పని మొదలుపెట్టండి. ఆ పనిలో మొదటిది, పద్దెనిమిది నిండిన ఆడమనిషికి ఆమె సంతకం తప్ప ఇంకెవరిదీ అక్కర్లేదని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించడం. నేను అంటించే వచ్చాను.