చిన్నమ్మమ్మ చేతి పచ్చబొట్టు

ముందుగా, నా చేతులకు పనినీ మా ఇంటికి అన్నాన్నీ ఇచ్చి, ఇంతవరకు నన్ను విడిచిపెట్టని దేవునికి స్తోత్రం. నేను రాయబోయే మాటల్లో ఒక్కటి కూడా ఆయన మహిమకు అడ్డు రాకూడదని ప్రార్థన చేసుకున్నాకే కలం పట్టుకున్నాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు. సండే స్కూల్లో పెరిగినవాణ్ణి. కంఠత వాక్యాల పోటీల్లో స్టీలు గ్లాసులు, ప్లేట్లు గెలుచుకున్నవాణ్ణి. పోయినవాళ్ళు కనబడ్డారని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాంటి కథలు నమ్మను. నేను చూసింది దయ్యాన్ని కాదు. ఏమిటి మరి అంటే చెప్పలేను.

మాది తాడేపల్లిగూడెం. చదువు మానేశాక నేను గోడల మీద రాతలు రాసేవాణ్ణి. పెంటపాడు చుట్టుపక్కల పల్లెల్లో చాలా మందిరాల గోడల మీద వాక్యాలు నా చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. బొమ్మ వేయకుండా ఉండలేని చెయ్యి నాది. అందుకని ఏలూరులో ఒక టాటూ షాపులో పని నేర్చుకోవడానికి చేరాను. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేవాణ్ణి.

అమ్మకి ఇది అస్సలు ఇష్టం లేదు. దేహం మీద గుర్తులు చేసుకోకూడదని లేఖనంలో ఉండగా, కొడుకే ఆ గుర్తులు వేస్తానంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

"గోడ మీద ఆయన మాట రాసిన చెయ్యిరా అది" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మోకరించి ప్రభువుని అడిగాను. వద్దన్న జవాబు రాలేదు. వెళ్ళమన్న జవాబూ రాలేదు. చివరికి అమ్మే ఒక షరతు పెట్టింది. నా సూది వల్ల ఎవరికైనా కీడు జరిగిందని తెలిసిన రోజున ఆ మిషను కాలవలో పడేయాలి. నేను ఆమె బైబిలు మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను. ఇది గుర్తుంచుకోండి.

షాపు నడిపే ఆయన పేరు వాసు. నేను అన్నా అని పిలుస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లో బొమ్మ చూపించి అదే వేయమంటారు. సింహం, రెక్కలు, అమ్మ పేరు, నాన్న సంతకం, ప్రేమించిన పిల్ల పేరు. కొన్నాళ్ళకి ఆ పేరు కనబడకుండా గులాబీ పువ్వు. నేను అరటి తొక్కల మీద, రబ్బరు చర్మం మీద గీతలు లాగుతూ ఉండేవాణ్ణి. వాసు అన్న నన్ను మనిషి మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

"ఫోన్లో బొమ్మ దించడానికి నువ్వెందుకురా, జిరాక్సు మిషను చాలదా?" అనేవాడు. "నీది అనే బొమ్మ ఒక్కటి పట్టుకురా. ఆ రోజున మనిషిని కూర్చోబెడతాను."

నాది అనే బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? గీసిందల్లా ఎక్కడో చూసినట్టే ఉండేది. అప్పుడు గుర్తొచ్చింది చిన్నమ్మమ్మ చెయ్యి.

చిన్నమ్మమ్మ అంటే మా అమ్మమ్మకి చెల్లెలు. శాంతమ్మ. కొల్లేరులో ఒక లంక గ్రామంలో కొడుకూ కోడలి దగ్గర ఉండేది. ఆవిడ ఎడమ ముంజేతి మీద చిన్నప్పటి పచ్చబొట్టు ఒకటి ఉండేది. మా సంఘానికి వచ్చి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వేళ, అమ్మ పక్క నుంచి ఆవిడ పైట లాగి ఆ చెయ్యి కప్పేది. నలుగురిలో సిగ్గని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మా నేనూ లంకకి వెళ్ళాం. చిన్నమ్మమ్మ గట్టు మీద పట్టా పరిచి చేపలు ఎండబెడుతూ, కొంగల్ని తోలుతోంది.

"ఏరా అబ్బాయ్, మనుషుల్ని మిషనెట్టి కుడుతున్నావంట? జేబులు కూడా కుడతావా?" అని నవ్వింది.

పచ్చబొట్టు చూపించమంటే ఎంతో సంబరంగా చెయ్యి చాపింది. మణికట్టు వైపున ఒక చిన్న పక్షి, నోరు తెరుచుకుని. దాని చుట్టూ చుక్కలు. మోచేతి వైపున్న సగం మాత్రం లేదు. చిన్నతనంలోనే వేడి గంజి ఒలికి అక్కడ చర్మం కాలిపోయింది. నున్నటి మచ్చ, అంతే. అక్కడ ఏం బొమ్మ ఉండేదో ఆవిడకే గుర్తు లేదు.

అప్పుడు ఆ పచ్చబొట్టు కథ చెప్పింది. పడవ మీద లంకలన్నీ తిరిగే ఒకావిడ, దీపం మసిలో ఆకు పసరు కలిపి, సూదులు కట్టగా కట్టి పొడిచేదట. చిన్నమ్మమ్మకీ వాళ్ళ అమ్మకీ ఒకే రోజున, ఒకే బొమ్మ పొడిచింది. అప్పట్లో అది వాళ్ళ నమ్మకం. నగలు ఊడతాయి, బట్ట కాలుతుంది, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుంది. పైకి వెళ్ళాక తల్లీ బిడ్డా ఒకరినొకరు దాన్నిబట్టి గుర్తుపడతారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ తల్లి జ్వరంతో పోయింది. చిన్నమ్మమ్మ పెరిగి పెద్దదై, రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుంది. తల్లి ఫోటో ఒక్కటీ లేదు.

"మా అమ్మ పోయేటప్పటికి నేను ఇంత పిల్లని. ఇప్పుడు మా అమ్మకన్నా ముసలిదాన్ని. ఎలా గుర్తుపడద్దిరా నన్ను?" అంది. "ఈ సగం దిద్ది పెట్టు నాన్నా. నీ మిషనుతోనే."

నేను నేర్చుకున్నది నేను చెప్పాను. ప్రభువు మనల్ని పేరు పెట్టి పిలుస్తాడు, ఆయనకి గుర్తులు అక్కర్లేదు అన్నాను.

"ఆయనకెందుకురా గుర్తులు? ఆయన పుట్టించినాయన. నేను చెప్పేది మా అమ్మ సంగతి."

పక్కనే ఉన్న అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను పల్చటి కాగితం పెట్టి ఆ చిన్న పక్షిని దించుకున్నాను. ఫోన్లో ఫోటో తీశాను. ఇంటికి వచ్చాక ఆ కాగితాన్ని మధ్యకి మడిచి, ఉన్న సగాన్నే రెండో వైపుకి తిప్పి గీశాను. ముగ్గుకి రెండు వైపులా ఒకేలా ఉంటాయి కదా, పచ్చబొట్టుకీ అంతేనని. ఎదురెదురుగా ముక్కులు ఆనించుకున్న రెండు చిన్న పక్షులు వచ్చాయి. ఎంతో అందంగా ఉంది. ఫోన్లో పంపిస్తే చిన్నమ్మమ్మ చూసి, "అలాగే ఉండేదేమోలే" అంది.

వాసు అన్న బొమ్మని దీపం కిందకి జరుపుకుని చూశాడు. "ఇదీ నీది" అన్నాడు. కానీ చిన్నమ్మమ్మ చెయ్యి ఫోటో చూపించగానే తల అడ్డంగా ఊపాడు. ఆ వయసులో చర్మం కాగితంలా ఉంటుంది, పైగా షుగరు. కాలిన మచ్చ మీద రంగు నిలబడదు, పాకిపోతుంది. ముట్టుకోవద్దన్నాడు.

చిన్నమ్మమ్మకి ఫోన్ చేసి కుదరదని చెప్పాను.

"పోన్లే నాన్నా. అడిగి చూస్తాలే."

"ఎవర్ని అడుగుతావు?"

"అడగాల్సినాయన్నే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారం దాటకుండానే ఒక పొద్దున కబురు వచ్చింది. నిద్రలోనే పోయిందట.

అమ్మా నేనూ బయల్దేరాం. దారి పొడుగునా చేపల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. మేం చేరేసరికి లోపల ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నారు. నేను వాకిట్లో చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి కేక వినబడింది. చిన్నమ్మమ్మ కోడలు రత్నం అత్త తడి చేతులతో బయటికి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏం పని చేశావురా? షుగరు మనిషిని, ఎనభై దాటిన మనిషిని సూదులతో పొడుస్తావా? నీ చేతులిరగ!"

నాకు అర్థం కాలేదు. వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా లేచారు. అయ్యగారు, అంటే ఆ ఊరి పాస్టరు గారు, అడ్డం వచ్చి ఏంటమ్మా అన్నారు. "లోపలికొచ్చి చూడండి అయ్యగారూ, ఆ పచ్చబొట్టు చూడండి. వీడు పొడిచాడు, ఆవిడ పోయింది" అంది అత్త.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. నా భుజానికి వేలాడుతున్న, మిషను ఉన్న షాపు సంచీ వైపు చూస్తోంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కాలవ పక్కనే ఉంది.

చిన్నమ్మమ్మకి చీర కట్టాక మమ్మల్ని లోపలికి రానిచ్చారు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పచ్చబొట్టు నిండుగా ఉంది. పాత ఆకుపచ్చ మసక కాదు, నల్లగా, నీలం మెరుపుతో, ఒక్క చుక్కా పక్క చుక్కతో కలవకుండా ఉంది. కాలిన మచ్చ అలాగే ఉంది, నున్నగా. దాని మీద నుంచే గీత వెళ్ళింది. మచ్చ మీద అంత సన్నటి గీత లాగడం వాసు అన్నకి కూడా చేతకాదు. కొత్తగా పొడిస్తే చర్మం ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, పక్కు కడుతుంది. అవేమీ లేవు. పైగా అది మిషను పని కాదు. మిషను గీత తాడులా ఉంటుంది. ఇది చేత్తో పొడిచిన చుక్క పక్కన చుక్క.

గోడ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత చూశాను బొమ్మని. నా బొమ్మ కాదది.

సంచీలోంచి నా కాగితం తీసి, అందరి ముందూ ఆ చేతి పక్కన పెట్టాను. నా కాగితం మీద రెండు చిన్న పక్షులు, ముక్కుకి ముక్కు. ఆ చేతి మీద ఒకటే చిన్న పక్షి. దాని ముందు, మచ్చ మీద, ఒక పెద్ద పక్షి. ముందుకి నడిచిపోతూ, మెడ ఒక్కటీ వెనక్కి తిప్పి, వెనకాల వస్తున్న పిల్లని చూస్తోంది.

"నేనే పొడిచి ఉంటే నాకు తెలిసిందే పొడిచేవాణ్ణి కదా అయ్యగారూ" అన్నాను.

అయ్యగారు కాగితాన్నీ చేతినీ మార్చి మార్చి చూశారు. పెన్నుతో గీశారేమోనని అత్త సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. రుద్దుతూ రుద్దుతూ తనే ఆగింది. "రాత్రి అన్నం తిన్నాక రెండు చేతులూ మోచేతుల దాకా కడిగింది నేనే కదా అయ్యగారూ. అప్పుడు లేదు" అంటూ అక్కడే చతికిలబడి ఏడ్చింది. అయ్యగారు నా కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

సాయంత్రం పెట్టెలో పెట్టి తెల్లగుడ్డ కప్పారు. చేతులు కూడా కప్పేశారు. మూత వేయబోతుంటే అమ్మ ముందుకి వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఆ చేతి మీదకి పైట లాగిన అమ్మ, ఆ గుడ్డ పట్టుకుని పక్కకి తీసింది.

"ఆ చెయ్యి కప్పకండయ్యా" అంది. "పిన్ని చూపించుకోవాలి."

అయ్యగారు వద్దనలేదు. చెయ్యి గుడ్డ పైకి ఉంచే మూత వేశారు.

ఆ చేతిని ఫోటో తియ్యాలని మా ఎవరికీ తోచలేదు. నా దగ్గర ఉన్నది మొదట తీసిన సగం బొమ్మ ఒక్కటే. తర్వాత తెలిసిన డాక్టరు గారిని అడిగాను. చనిపోయాక రక్తం దిగి చర్మం మీద నీలం మచ్చలు పడతాయన్నారు. మచ్చలు పడతాయి సరే. చుక్క పక్కన చుక్కగా పడతాయా, పక్షి మెడ తిప్పుతుందా అని అడిగితే ఆయన నన్ను జాలిగా చూశారు. పచ్చబొట్లు పొడిచేవాళ్ళు ఎవరైనా ఆ రాత్రి వచ్చారేమోనని ఊరంతా అడిగాను. అలాంటివాళ్ళని చూసి ఏళ్ళయిందన్నారు. ఇది ప్రభువు కార్యమని చెప్పే ధైర్యం నాకు లేదు. కాదని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. బాప్తిస్మం లేకుండా పోయిన ఆ తల్లి ఎక్కడుందో, ఆ గుర్తు ఎవరు చూశారో, నేను నేర్చుకున్న ఏ పాఠంలోనూ నాకు జవాబు దొరకలేదు.

మిషను కాలవలో పడలేదు. వాసు అన్న ఇప్పుడు నన్ను మనుషుల మీద పని చేయనిస్తున్నాడు. రెండు చిన్న పక్షుల బొమ్మ చాలామంది అడుగుతారు. నేను వేయను. అది తప్పు బొమ్మ. సరైన బొమ్మ గీయాలని రోజూ కూర్చుంటాను. చిన్న పక్షి వస్తుంది, చుక్కలు వస్తాయి, పెద్ద పక్షి ఒళ్ళు వస్తుంది. వెనక్కి తిరిగిన ఆ మెడ మాత్రం నా చేతికి రావడం లేదు. కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. పెన్సిలు ఆనించగానే పోతుంది.

ఇంటికి రాగానే అమ్మ అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా, "వచ్చిందా?" అని అడుగుతుంది. ఇంకా లేదమ్మా అంటాను. ఏ గుర్తూ లేని తన ఎడమ ముంజేతిని ఒకసారి చూసుకుని, పైట కిందకి జరుపుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, కాసేపు నాతోపాటు మీరూ కళ్ళు మూసుకోండి. ఆ మెడ వంపు నేను గీయవలసిందే అయితే నా చేతికి ఇవ్వమని, నాది కాకపోతే దాని మీద ఆశ నాలోంచి తీసేయమని నేను ఆయన్ని అడుగుతున్నాను. మా చిన్నమ్మమ్మ కోసం కూడా ఒక్క మాట అడగండి. ముందు నడిచేవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే చాలు. ఆమెన్.