అత్త రెండోసారి అడిగేది కాదు

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, వాళ్ళ సోషియాలజీ మేడమ్ ఇచ్చిన హోంవర్కు గురించి చెప్పింది. అందరూ పాటించే చిన్న నియమం ఏదో ఒకటి తప్పి, చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తారో చూడాలట. పిల్ల మా అపార్ట్‌మెంటు లిఫ్టులో తలుపుకు వీపు పెట్టి, లోపలున్నవాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడిందట, పై అంతస్తాయన కంగారుపడి మధ్యలోనే దిగిపోయాడట. అది పకపకా నవ్వుతుంటే నేనూ నవ్వాను గానీ, ఆ పూటంతా నాకు కుదురు లేకుండా పోయింది. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వెళ్ళానో మర్చిపోవడం, బాల్కనీలోకొచ్చి బెంజ్ సర్కిల్ వైపు పోయే బండ్లను చూడటం, మళ్ళీ లోపలికి రావడం. డిగ్రీలో మా సారు మాకూ సరిగ్గా ఆ పనే చెప్పారు మరి.

మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, లెక్కలు రానివాళ్ళే బీఏలో చేరతారని అప్పట్లో బెజవాడంతా నమ్మకం. మా నాన్నకు వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు ఉండేది. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, మనుషుల గురించటండీ అని చెప్పి, అదీ ఒక చదువేనా అన్నట్టు తనే నవ్వేసేవాడు. నాకు మాత్రం ఆ చదువు ఒక దురదలా పట్టుకుంది. ఎవరు ఎవరిని అండీ అంటారు, ఎవరొస్తే ఎవరు లేచి నిలబడతారు, ఇవే చూస్తుండేదాన్ని. పెళ్ళికి తీసుకెళ్తే విస్తట్లోది తినకుండా బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తున్నానని మా అమ్మ తొడపాశం పెట్టేది.

సారు చెప్పిన పనికి నేను మొహమాటాన్ని ఎంచుకున్నాను. ఎవరింటికి వెళ్ళినా భోంచేయమంటే అయిందండీ అనాలి, రెండోసారీ అదే అనాలి, మూడోసారి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే అప్పుడు కూర్చోవాలి, కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా సరే. అడగ్గానే ఒప్పేసుకుంటే ఏమవుతుందో చూద్దామనిపించింది.

ఆ వారంలోనే నాన్న నా చేతికి ఒక చీర ఇచ్చి, మా మేనత్తకు ఇచ్చి రమ్మని ఇబ్రహీంపట్నం బస్సెక్కించాడు. అత్త మావాళ్ళందరినీ కాదని, థర్మల్ స్టేషన్‌లో పనిచేసే ముస్లిం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. నాన్న చెల్లెల్ని వదులుకోలేదు. ఏటా శ్రావణమాసంలో ఆడపడుచుకు పెట్టే చీర తనే పట్టుకెళ్ళి, వరండాలో బల్ల మీద కూర్చుని, మంచీ చెడూ అడిగి వచ్చేసేవాడు. తోడు నన్ను తీసుకెళ్ళేవాడు. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులని నన్నొక్కదాన్నే పంపాడు.

అత్త చీర మడత విప్పి చూసుకుంటూ, ఎప్పటిలాగే, భోంచేసి వెళ్దువు గానీ అమ్మాయ్ అంది. సరే అత్తా, పెట్టు, ఆకలేస్తోంది అన్నాను. ఆవిడ కాస్త తెల్లబోతుంది, నేను లోపల నవ్వుకుంటాను, అంతే అనుకున్నాను. అత్త చీర పక్కన పెట్టేసింది.

"ఇక్కడా? మీ నాన్నకి తెలుసా?"

అప్పుడు తట్టింది నాకు. నాన్నతో వచ్చినప్పుడల్లా అత్త భోంచేయమనేది, నాన్న ఇప్పుడే తిని బయల్దేరామే అనేవాడు, అత్త రెండోసారి అడిగేది కాదు. మమ్మల్ని మళ్ళీ మళ్ళీ బతిమాలని ఇల్లు అదొక్కటే. అన్నీ గమనిస్తానని విర్రవీగేదాన్ని, అదీ మొహమాటమే అనుకున్నాను అన్నాళ్ళూ.

నాన్నకి నేను చెప్తాలే, ముందు పెట్టు అన్నాను. పప్పూ దొండకాయ వేపుడూ ఉన్నా చాలవని, అత్త మళ్ళీ పొయ్యి వెలిగించి వంకాయ కూర చేసింది. మామయ్య మారుమాట్లాడకుండా సైకిలేసుకుని గడ్డపెరుగు తేవడానికి వెళ్ళాడు. అత్త నా పక్కనే నిలబడి, ఏడుస్తూనే కొసరి కొసరి వడ్డించింది. ఆ ఇంట్లో పుట్టింటివాళ్ళు అన్నం తినడం అదే మొదలట.

అక్కణ్ణుంచి వచ్చాక కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చెబితే నాన్న నన్నిక పంపడేమో, తనూ వెళ్ళడం మానేస్తాడేమో, ఏడాదికో చీరగా మిగిలిన ఆ కాస్త సంబంధమూ నా హోంవర్కు వల్ల తెగిపోతుందేమోనని భయం. సారుకు ఏదో వేరే సంగతి రాసిచ్చేశాను. చివరికి ఒకరోజు మధ్యాహ్నం, కొట్లో బేరాల్లేని వేళ, అత్తవాళ్ళింట్లో తిన్నాను నాన్నా అని చెప్పేశాను. ఆయన చేతిలో చీర మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"కూరేం వండిందే?"

వంకాయ అన్నాను. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిందా, మా అమ్మలాగా, అని అడిగాడు. వేసిందన్నాను. ఆ తర్వాత ఏటా చీర నాతోనే పంపేవాడు, నేను తిరిగొచ్చేదాకా కొట్లో కాలు నిలవక గుమ్మం దాకా వచ్చి వెళ్ళేవాడట, రాగానే ఏం వండిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకునేవాడు. ఆఖరిదాకా తను మాత్రం ఆ ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదు. అందుకు ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇదంతా చెబితే మా మనవరాలు ఫోను పక్కన పెట్టి విన్నది. తింటే ఏమయ్యేది అమ్మమ్మా అంది. దాని స్నేహితులు మా ఇంట్లో తింటారు, ఇది వాళ్ళిళ్ళలో తింటుంది, ఎవరు ఎవరన్నది దానికి పట్టదు, అది నాకెంతో సంతోషం. ఇది చూడ్డానికి అత్త లేదే అనిపిస్తుంది. కానీ ఎక్కడ తిన్నా, వచ్చి తినేశానమ్మమ్మా అని గదిలోకి వెళ్ళిపోతుంది. ఏం వండారే అని గుమ్మంలో నిలబడి అడుగుతాను, గుర్తులేదంటుంది.