శామీర్‌పేట ల్యాబుకు వెళ్లి నా వేలిముద్ర కొట్టేయించిన రోజు

నా పేరు గోనె సత్తెమ్మ. అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. ఇంట్లో నేను, నా చెల్లెలు మణెమ్మ, రెండు బర్రెలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి అంగన్‌వాడీ టీచరు సుజాత రాస్తోంది. శామీర్‌పేట అవతల ఒక ల్యాబులో నాలుగేళ్లు సీసాలు కడిగాను. మూడు నెలలు కష్టపడి చేసిన మందును కావాలనే మోరీలో పోశానని కాగితం రాసి, అందులో ఏముందో చెప్పకుండా వేలిముద్ర వేయించుకుని, నన్ను గేటు దాటించారు. ఆ కాగితం కొట్టేయించడానికి నిన్న సుజాతను వెంటబెట్టుకుని బయలుదేరాను.

పొద్దున ఏడింటికి షేర్ ఆటో ఎక్కితే మేడ్చల్‌కు మనిషికి ఐదు రూపాయలు. అక్కడ శామీర్‌పేట బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాం. రింగు రోడ్డుకని దారంతా తవ్వి పోశారు, దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కడినుంచి ల్యాబుకు మళ్లీ ఆటో. డ్రైవరు యాదగిరి సంగతి విని నవ్వాడు.

"అవ్వా, గంత పెద్ద సదువులోళ్లతోని నువ్వేం కొట్లాడ్తవ్?"

"సదువు వాళ్లకున్నది, కండ్లు నాకున్నయ్. సక్కగ తోలు."

ఆ ల్యాబులో చేసేది కంటికి ఆననంత సన్నటి ఇనుప పొడి. నీళ్లలో కలిస్తే నల్లగా కనబడుతుంది. దానికి మందు అంటించి నెత్తురులోకి వదిలి, ఒంట్లో గడ్డ ఉన్నచోట పైన సూదంటురాయి పెడితే మందు అక్కడే ఆగుతుందట. పక్క గదిలో అదే రకం పొడితో కంప్యూటరు తన లెక్కలు గుర్తుంచుకునే పలకలు చేయాలని చూస్తారు. పొడిని కడగడమంటే మన గంజి వంచడమే. సీసాను చెక్క స్టాండులో పెడితే, లోపలున్న సూదంటురాయి నలుపును సీసా గోడకు పట్టి ఉంచుతుంది, తేటనీళ్లు వంచేయాలి. నాది మెతుకు జారనివ్వని చేయి అని ఆ పొడి కనిపెట్టిన ప్రసాద్ సారే ఆ పని నాకప్పగించాడు. ఆ రోజు తేట వంచెయ్యమన్నదీ ఆయనే. వంచితే నలుపంతా జారిపోయింది. స్టాండులో వేలు పెట్టి చూస్తే రాయి లేదు. పక్క గదిలో ప్రసాద్ సారు బల్ల మీదుంది.

గేటు దగ్గర పదకొండు దాకా కూర్చోబెట్టి, అప్పుడు ల్యాబు నడిపే పెద్ద మేడమ్ పిలిచింది. తమాషా చూద్దామని యాదగిరీ వెనకే వచ్చాడు. "రాయి అందులోనే ఉందండీ, ఈవిడే సీసా కుదిపేసింది" అన్నాడు ప్రసాద్ సారు. నేను నల్లనీళ్లున్న రెండు సీసాలు అడిగాను. మొదటిది స్టాండులో రాయి ఉండగా కుదిపి మరీ వంచాను. తేటనీళ్లే వచ్చాయి.

"ఇగ రాయి తీయి సారూ. నీ సేత్తోనే తీయి."

ఆయన కదల్లేదు. మేడమ్ తీసింది. రెండోది వంచితే తొట్టి నల్లబడింది.

"గంజి వంచుమని నాకు జెప్పి, అడ్డం బెట్టే మూత ఈయన తీస్కపోయిండు మేడమ్."

రేపటినుంచి పనికి రమ్మంది మేడమ్. ముందు కాగితం సంగతి తేల్చమన్నాను. ఫైల్లో పడుంటుంది, ఎవరు చదువుతారమ్మా అంది.

"నేను సదవలేననే గదా ఏలు బెట్టిచ్చుకున్నరు. ఇప్పుడు టీచరమ్మ సదువుతది, అందరు వినుండ్రి."

సుజాత గట్టిగా చదివింది. మేడమ్ దాన్ని అడ్డంగా కొట్టేసి, రాయి తీసింది ఎవరో కింద రాసి సంతకం పెట్టింది. ప్రసాద్ సారు పెన్ను ముట్టకుండా బయటికి పోయాడు.

మందు మళ్లీ చేస్తారు, చేయాలి కూడా. ఎవరి ఒంట్లో గడ్డ దానికోసం చూస్తోందో. కానీ అంత సన్నటి పొడిని కనిపెట్టినవాడికి తన తప్పు కనబడలేదంటే నేను నమ్మను. ఆయన సంతకం పడేదాకా ఆ ల్యాబులో సీసా ముట్టను. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతున్నాను: చదివేవాళ్లను మీరే తీసుకెళ్లండి, వాళ్ల మనిషి చదివితే ఒప్పుకోకండి.

ఇది నాకు రెండుసార్లు చదివి వినిపించాక వేస్తున్న ఎడమ బొటనవేలి ముద్ర: గోనె సత్తెమ్మ.
సాక్షులు: సుజాత, అంగన్‌వాడీ టీచరు, యాదగిరి, ఆటో డ్రైవరు.