కిర్రుమనే అల్లుడు

మా పెద్దమ్మకు కూతురు లేదు. ఆ మాటకొస్తే కొడుకూ లేడు. అయినా ఆవిడకు ఒక అల్లుడున్నాడు. పగలంతా ఆవిడతోనే తిరుగుతాడు, పొద్దు పోయాక మంచం పక్కన కుర్చీకి ఆనుకుని నిటారుగా నిలబడతాడు. 'గారు' తగిలించకుండా ఆయన ప్రస్తావన తేకూడదు. తెలియక ఎవరైనా పెట్టుడు కాలు అన్నారో, వాళ్లకు ఆ పూట ఆ ఇంట్లో కాఫీ పుట్టదు.

కాలుకు అల్లుడరికం ఏమిటని అడిగితే ఆవిడ జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏరి కోరి తెచ్చుకున్నామా? వచ్చింది మొదలు మనం మోస్తే గాని కదలడు. ఊ అంటే అలుగుతాడు. పోనీ వదిలించుకుందామంటే వీల్లేదు. అల్లుడు కాక మరేమిటే?"

పెద్దమ్మ దర్జీ. ఎడమ మోకాలి పైన గడ్డ కనిపిస్తే, రోజంతా మెషిన్ తొక్కినందుకు వచ్చిన వాపే అనుకుంది. ఎముక క్యాన్సర్ అని తేలింది. కాలు ఉంచితే మనిషి దక్కదని డాక్టర్లు తొడ మధ్య దాకా తీసేశారు. తర్వాత మందులకు జుట్టు కూడా రాలిపోయింది. ఆవిడ అద్దం చూసుకుని, తలస్నానం పని తప్పిందని సంతోషించింది. మెషిన్‌కు కుడికాలు చాలునని తేల్చుకుని, కుట్టుపని కూడా మొదలుపెట్టింది.

కుప్పకూలినది పెద్దనాన్న. ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. పెద్దమ్మ ఆస్పత్రిలో చేరిన రోజు వేసిన తాళం, ఆవిడ ఇంటికొచ్చాక కూడా తియ్యలేదు. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. కట్టు మార్చేటప్పుడు నీళ్లు తెచ్చి ఇచ్చి గోడకేసి తిరిగేవాడు. ఆ తొడ వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. జబ్బు ఆవిడకు తగ్గి ఆయనకు తగులుకుందని నాకు భయం వేసింది. నేను వాళ్ల మేడ మీద గదిలోనే ఉండేదాన్ని కనుక ఆ భయాన్ని రోజూ కళ్లారా చూశాను.

ఆయన ముందు కాలన్న మాట ఎత్తకూడదని మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఆ మాట లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎవరూ ఎవరింట్లోనూ కాలు పెట్టకూడదు. ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడకపోకూడదు. ఒకరోజు ఎవరో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడనబోయి, నాలుక్కరుచుకుని, తోకగాలిన పిల్లి అన్నాను. పెద్దనాన్న కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. లోపల పెద్దమ్మ మాత్రం దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అదుగో, ఆ సమయంలో దిగాడు అల్లుడు.

కాలు తయారు చేసిచ్చిన నిపుణుడికి పెద్దమ్మ కాళ్ల మేస్త్రీ అని పేరు పెట్టింది. ఆయన కొలతలు తీస్తుంటే ఈవిడ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఆరాలు తీసింది. కుర్రాడి ఒడ్డూ పొడుగూ బాగానే ఉన్నాయంది. ఛాయ మాత్రం తనకంటే ఓ పిసరు తెలుపే, అయినా సంబంధం వదులుకోలేం కదా అని సరిపెట్టుకుంది. కాళ్ల మేస్త్రీ నవ్వాపుకోలేక కొలత తప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

నడక నేర్చుకోవడం నవ్వుతాలు కాదు. తొడ ఒరుసుకుపోయి ఎర్రగా కందేది. పట్టుకున్న కమ్మీ వదిలితే పడేది. లేని పాదం అరికాల్లో దురద పుడితే గోక్కోవడానికి చోటు లేక గిలగిల్లాడేది. నేను ఏడుపు మొహం పెడితే, అల్లుడుగారికి మన ఇల్లింకా అలవాటు కాలేదులే అనేది.

ఎదురింటావిడ రోజూ వచ్చి గడపలోనే చెంగు కళ్లకు అద్దుకునేది. ఒకరోజు పెద్దమ్మ వేలు పెదవుల మీద పెట్టి, "మెల్లగా ఏడవండి వదినగారూ, అల్లుడుగారు ఇప్పుడే పడుకున్నారు" అంది. ఆవిడ నిజంగానే గొంతు తగ్గించింది. తర్వాత మంచం పక్కన నిలబడ్డ అల్లుణ్ణి చూసి, ఏడవాలో నవ్వాలో తేలక, లంగాలు రెండు కుట్టమని ఇచ్చి వెళ్లింది. ఆనాటి నుంచి కుట్టించుకోవడానికే వచ్చింది తప్ప ఏడవడానికి రాలేదు.

ఇంత జరిగినా పెద్దనాన్న మాత్రం అల్లుడనలేదు. ఆయన నోట 'అది' అన్నమాట తప్ప వచ్చేది కాదు.

అంతలో అల్లుడు కిర్రుమనడం మొదలుపెట్టాడు. అడుగు వేస్తే కిర్రు, తీస్తే కిర్రు. పెద్దమ్మ ఎప్పుడూ లేనిది నడక మీద శ్రద్ధ పెంచుకుని, ఇల్లంతా వదిలేసి పెద్దనాన్న కుర్చీ చుట్టూనే తిరిగింది. గడియారం లోపలి పళ్లచక్రం ఏది అరిగిందో చప్పుడును బట్టి చెప్పే మనిషాయన. మొదటిరోజు పళ్లు బిగించుకున్నాడు. మర్నాడు చెవులు మూసుకున్నాడు. ఆ మర్నాడు లేచి వెళ్లి, కొట్టు తాళం తీసి, చిన్న స్క్రూడ్రైవరూ కంటికి పెట్టుకునే భూతద్దమూ తెచ్చుకున్నాడు.

"ఇటియ్యి దాన్ని," అన్నాడు.

అల్లుణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, పిక్క తొడుగు దగ్గర వదులైన మర పట్టుకుని బిగించాడు. తిరిగి ఇవ్వడానికి తలెత్తేసరికి ఎదురుగా పెద్దమ్మ తొడ. భూతద్దం ఇంకా కంటికే ఉంది. ఈసారి గోడకేసి తిరగలేదు.

"ఇంతలా ఒరుసుకుపోతోందా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు చూస్తేగా అండీ చెప్పడానికి."

ఆయన భూతద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లేచి మందు తెచ్చి తనే రాశాడు. ఆ వారంలోనే కొట్టు తెరిచాడు.

కిర్రు మాత్రం పోలేదు. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొదలెట్టేవాడు అల్లుడు. జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి స్కానింగ్‌కు వెళ్లాల్సిన ముందురోజైతే మరీను. ఆరోజు పెద్దనాన్న చేతులు వణికేవి. సరిగ్గా అప్పుడే ఈ మర ఊడేది. ఆయన బిగించడంలో పడి వణుకు మరిచిపోయేవాడు.

నాకు కాళ్ల మేస్త్రీ మీద ఒళ్లు మండింది. పెద్దమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అల్లుణ్ణి చంకలో పెట్టుకుని పోట్లాటకు బయల్దేరాను. దారంతా జనం నాకేసి చూసిన చూపులు నేను వర్ణించను. ఇలాంటి నాసిరకం మర వేస్తారా, మా పెద్దమ్మ పడితే ఎవరిది బాధ్యత అని గుక్క తిప్పుకోకుండా దులిపేశాను.

ఆయన అంతా విని, నవ్వి, "ఆ మర తొడుగుకేనమ్మా, ఊడినా పడరు. ఏది వదులైతే ప్రమాదం లేకుండా చప్పుడు ఎక్కువొస్తుందో అడిగి తెలుసుకున్నారు మీ పెద్దమ్మగారు," అన్నాడు.

ఇంటికొచ్చి నిలదీస్తే ఆవిడ సిగ్గుపడను కూడా లేదు. మెషిన్ దగ్గర కత్తెర చూపించి, దీని మొనతోనేనే అంది. "భయం నాకు మాత్రం లేదనుకున్నావా? ఇద్దరం ఒక్కసారే భయపడితే వంటెవరు చేస్తారు? ఆయన చేతులకు పని తగిలితే నిలబడతారు. నన్ను చూడమంటే చూడరు, మరను చూడమంటే చూస్తారు. ఆయనకు చెప్పావంటే ఊరుకోను."

నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం పెద్దనాన్న కొట్టుకు వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆయన భూతద్దం తియ్యకుండానే విన్నాడు.

"మర దానంతటది అన్నిసార్లు వదులవుతుందటే? మొదటిసారి నమ్మాను. రెండోసారి దాని నెత్తిన కత్తెర గీతలు చూశాను."

"మరి బిగిస్తూనే ఉన్నారేం?"

"బిగించడం మానేసి చాలా రోజులైంది. ఊరికే ఆనించి వదుల్తున్నా, గోటితో తిప్పితే తిరిగేలా. కత్తెర జారి వేలు తెగితే కుట్టుకోవడం కష్టం కదా," అన్నాడు. ఇది మీ పెద్దమ్మకు చెప్పకు అని కూడా అన్నాడు. నేనెలాంటిదాన్నో ఇద్దరికీ తెలిసీ నాకే చెబుతారు.

మర్నాడే స్కానింగ్. ఆ రాత్రి కొట్టు మూసి ఇద్దరం ఇంటికొచ్చి కూర్చున్నామో లేదో వంటింట్లోంచి చప్పుడు బయల్దేరింది. కిర్రు. కిర్రు. పెద్దనాన్న జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఏమే, ఆ మంచి కుర్చీ ఇటు లాగు," అన్నాడు నాతో, లోపలికి వినపడేలా. "అల్లుడుగారు వస్తున్నారు."

కిర్రు ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో పెద్దమ్మ అలా నిలబడిపోయింది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, మంచి కుర్చీలో కూర్చుంది.

"అంత నెత్తికెక్కించుకోకండి," అంది. "చెడిపోతాడు."