మా తోడల్లుడి ఉప్పు ఉపన్యాసం

మొన్న ఓటు వెయ్యడానికి వెళ్ళి నవ్వులపాలయ్యాను. మా మనవడు చెయ్యి పట్టుకుని బడి వరండాలోకి నడిపించాడు, అక్కడ బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి నా కొడుకు కంటే చిన్నవాడు, నా వివరాలు చూసుకుని తలెత్తేసరికి నేను పాత అలవాటు కొద్దీ ఒక పేరు గట్టిగా పైకి చెప్పేశాను. ఆ అబ్బాయి కంగారుపడి, "తాతగారూ, పైకి చెప్పకూడదండీ, రహస్యమండీ" అని ఒక చీటీ చేతిలో పెట్టి, మూలనున్న తెర వెనక్కి పంపించాడు. ఓటు వెయ్యడానికి తెర చాటుకి వెళ్ళాలని నాకు ఈ వయసులో తెలిసింది. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, మన కాలంలో ఓటంటే నోటితో చెప్పేదే, అదీ నిలబడ్డవాళ్ళ మొహం మీదే. ఆ మొహాల్లో ఒకటి మన తోడల్లుడిదైతే ఎలా ఉంటుందో మాత్రం మీలో చాలామందికి తెలియకపోవచ్చు.

అప్పుడు నాకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. రాజమహేంద్రవరం బజారు వీధిలో మాకు ఉప్పు, చింతపండు, బెల్లం కొట్టు ఉండేది. సరుకు విషయంలో మాకు గొప్ప పేరేమీ లేదు గానీ, నేను కూర్చున్న పూట బేరం బాగా సాగేది, ఎందుకంటే ఉప్పు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు ఊరికే ఒక వెటకారం కూడా పట్టుకుపోయేవారు. ఎవరింట్లో ఏ గొప్ప జరిగినా మర్నాడు పొద్దున్న నేనేమంటానో వినడానికి నలుగురు కొట్టు గట్టు మీద చేరేవారు. నాకు అదే పెద్ద ఉద్యోగంలా ఉండేది.

మా మామగారిది నరసాపురం, ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నాకిచ్చారు, చిన్నమ్మాయిని మా వీధి వెనక వీధిలోనే ఉన్న ఒక ప్లీడరుకిచ్చారు. అతను కాలేజీలో చదివాడు, కోటు తొడుక్కుంటాడు, మద్రాసు నుంచి టపాలో ఇంగ్లీషు పత్రిక తెప్పిస్తాడు. వయసులో నాకంటే చిన్న, నన్ను అన్నయ్యగారూ అని తప్ప పిలవడు. అత్తవారింట్లో పీటలు వేసేటప్పుడు నాది ముందు వేసేవారు, అది వరసకిచ్చే మర్యాద, కానీ కబురు మాత్రం అతనితో చెప్పేవారు. మామగారు నాతో చింతపండు ధర అడిగి, అతనివైపు తిరిగి దేశం సంగతి అడిగేవారు. ఆ పూట వంకాయ కూర ఎంత బాగున్నా నాకు గొంతు దిగేది కాదు. ఆ మంటకు పేరు పెట్టడం నాకు అప్పట్లో చేతకాలేదు, నిద్ర చాలలేదనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా మా పేటకు మునిసిపాలిటీ ఎన్నిక వచ్చింది. ఒకవైపు కలప వర్తకుడు నిలబడ్డాడు. గోదావరి మీద తెప్పలుగా వచ్చే టేకు దుంగలు కొని అమ్మే మనిషి, ఆయన ఉపన్యాసం మొత్తం కలిపి ఒక తుమ్మంత ఉండేది, మురుగుకాలవ బాగు చేయిస్తానని. రెండోవైపు మా తోడల్లుడు. ఇతను కాలవ ఊసెత్తలేదు. దేశాన్ని పట్టి పీడిస్తున్న పెద్ద పెద్ద సంగతుల మీద తన అభిప్రాయమేమిటో పన్ను కట్టే ప్రతివాడికీ తెలియాలన్నాడు, వారానికొక సాయంకాలం పఠనమందిరం వరండాలో ఒక్కొక్క సంగతి విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు.

నాకు పండగే అయింది. కలెక్టర్లయ్యే పెద్ద పరీక్ష ఇంగ్లండు సీమలోనే కాదు ఇక్కడా పెట్టాలని అతను గంటసేపు మాట్లాడితే, ఎక్కడ పెట్టినా మన వీధివాళ్ళం తప్పుతాం, దగ్గర్లో పెడితే ఓడ కర్చైనా కలిసొస్తుందని మర్నాడు నేనన్నాను. సరిహద్దుల్లో యుద్ధాల కర్చు తగ్గించాలని అంటే, తగ్గించి మిగిలిన సిపాయిల్లో నలుగుర్ని మన కాలవ మీదికి పంపమనండి, దోమలతో యుద్ధం బాకీ ఉందన్నాను. సీమ నుంచి వచ్చే బట్ట మీద సుంకం పెంచాలన్న ఉపన్యాసం సీమ కోటు తొడుక్కునే ఇచ్చాడు, ఆ రోజు ఉక్కగా కూడా ఉంది, ఆ సుంకమేదో చెమటగా అక్కడికక్కడే కట్టేశాడని చెప్పాను. నా మాటలు మధ్యాహ్నానికి రేవు దాకా వెళ్ళి, సాయంత్రానికి కోర్టు ఆవరణ దాకా పాకేవి. అతను మాత్రం దారిలో కనబడితే నమస్కారం పెట్టి, బాగున్నారా అన్నయ్యగారూ అనేవాడు. దానితో నాకు ఇంకా మండేది.

నాలుగో వారం ఉప్పు పన్ను. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మా కొట్టుకు రేవు నుంచి పల్లెకారుల మామ్మ ఒకావిడ వచ్చేది. అమ్ముడుపోని చేపలకు పట్టించడానికి ఉప్పు కొనేది. కొనడం అయ్యాక, గట్టు మీద రాలిన నాలుగు పలుకుల్ని తడి వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకునేది. ఏంటి మామ్మా రుచి చూస్తున్నావా అని ఒకసారి అడిగితే, "రుసి కాదు సెట్టిగారండీ, రాలిపోయిన దానికి నేను దొరల పన్ను కట్టక్కర్లేదు గదా. పన్ను లేని ఉప్పు ఎలాగుంటాదో సూద్దారని" అంది. ఇంతకంటే మంచి సరుకు నాకెక్కడ దొరుకుతుంది? అత్తవారింట్లో భోజనాల దగ్గర ఆవిడ గొంతు పెట్టి, వేలు విస్తరాకు అంచున అద్ది మరీ చూపించాను. అందరూ పడి పడి నవ్వారు, మామగారికి పొలమారింది. మా తోడల్లుడు ఒక్కడే నవ్వలేదు, మళ్ళీ ఒకసారి చెప్పండి అన్నయ్యగారూ అన్నాడు. నేను మురిసిపోయి ఇంకాస్త అభినయం కలిపి మళ్ళీ చెప్పాను.

ఉప్పు ఉపన్యాసం రోజు నేను వరండా చివర కూర్చున్నాను, మర్నాటి సరంజామా పోగు చేసుకోవడానికి. అతను పన్ను ఎవరెవరి మీద ఎలా పడుతుందో చెప్పి, హఠాత్తుగా మాట ఆపి, వేలు తడి చేసుకుని బల్ల అంచు మీద మెల్లగా అద్దాడు. మామ్మ మాట, ఆవిడ అన్నది అన్నట్టుగా, గొంతు మార్చకుండా చెప్పాడు. నవ్విన నాథుడు లేడు. నా పక్కనున్న నూనె కొట్టాయన, ఎవరికీ ఒక్క చుక్క ఎక్కువ కొలవని మనిషి, ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఆ వేలు నాది. అంచున ఎంతసేపు ఆపాలో నేను నేర్పిందే.

ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను, నా మాట ఎత్తుకుపోయాడని. ఆవిడ చింతపండులో పిక్కలు తీస్తోంది. తలెత్తకుండానే, "అది మీ మాటెలా అవుతుందండీ, ఆ మామ్మది కదా" అంది. ఇంకో పిక్క తీసి పక్కన పెట్టి, "మీరు చెప్పినప్పుడు నేనూ నవ్వాను. ఆ తరవాత ఆవిడ కొట్టుకొస్తే మొహం చూడలేకపోయాను" అంది. నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు గట్టు మీద మామూలు కంటే ఎక్కువమంది చేరారు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఇది రాయవలసిన అవసరమే ఉండేది కాదు. కానీ కడుపులో మంట ఉన్నవాడికి చమత్కారం పిలవకుండానే వస్తుంది. మా తోడల్లుడు నిన్న ఊరందరి చేతా కన్నీళ్ళు పెట్టించాడు సరే, కన్నీళ్ళలో ఉన్న ఉప్పుకి పన్నెవరు కట్టారో కాస్త విచారించండి అన్నాను. అంతే. రెండ్రోజుల్లో ఆ మాట తిరగని ఇల్లు లేదు. కళ్ళు తుడుచుకున్న నూనె కొట్టాయనే దాన్ని తన సొంతంలా చెప్పి నవ్వించాడు. ఆ పై వారం పఠనమందిరం వరండాలో మా తోడల్లుడు నోరు విప్పగానే వెనక నుంచి ఎవరో "పన్ను, పన్ను" అన్నారట, సభ సభంతా గొల్లుమందట. అతను కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని దిగిపోయాడట.

ఎన్నడూ మా కొట్టు గడప తొక్కని కలప వర్తకుడు ఆ వారం వచ్చి, అక్కర్లేని బెల్లం దిమ్మ కొని, మీ మాటే మాకు కొండంత బలమండీ అని భుజం తట్టి వెళ్ళాడు. ఆ భుజాన్ని ఆ రోజు రెండుసార్లు కడుక్కున్నాను. మా మరదలు ఎప్పుడూ వెనక గుమ్మంలోంచి వచ్చి అక్కతో కబుర్లాడేది, ఆ రాకపోకలు ఆగిపోయాయి. మా ఆవిడ మాత్రం పెరట్లో ఆ గుమ్మం గొళ్ళెం రోజూ తీసి ఉంచేది.

ఎన్నిక ముందు రోజు మామ్మ ఉప్పుకొచ్చింది. ఎలాగైనా ఆవిడ చేత మా తోడల్లుణ్ణి నాలుగు తిట్టించి తృప్తి పడదామని, నీ మాటని సభలో పెట్టి పేరు కొట్టేశాడు తెలుసా అన్నాను. "ఆయ్, తెలుసండి. ఆ బాబు రేవుకొచ్చి అడిగేడండి, మామ్మా నీ మాట సెప్పుకోమంటావా అని. సెప్పుకో బాబూ అన్నాను" అంది. మరి నన్నడగలేదేం అనబోయాను. నేనూ ఆవిణ్ణి అడగలేదు. ఆవిడ పలుకులు అద్దుకోవడం అయ్యాక, "నాకు ఓటు లేదంట. మీకుందంట గదా సెట్టిగారండీ. నా బదులు కూడా మీరే సెప్పేయండి, గట్టిగా" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బడి వరండా కిటకిటలాడింది. బల్ల దగ్గర అధికారి, పక్కన రాసుకునే గుమాస్తా, చెరోవైపు కుర్చీల్లో ఇద్దరు అభ్యర్థులు. ఓటరు ఎవరి పేరు చెబితే ఆ అభ్యర్థి లేచి నిలబడి చేతులు జోడించాలి, అదీ ఆచారం. మా తోడల్లుడు లేచి నా ముందు చేతులు జోడిస్తే చూడాలన్న కోరిక నాకెంత ఉందో, అతని ముందే కలప వర్తకుడి పేరు చెప్పాలన్న కోరికా అంతే ఉంది. ఏ కోరికతో వరండా మెట్లెక్కానో ఇప్పటికీ చెప్పలేను. నన్ను చూడగానే జనం నవ్వుమొహాలతో దారిచ్చారు.

అధికారి అడిగాడు. నేను మా తోడల్లుడి పేరు చెప్పాను.

వరండా గొల్లుమంది. గుమాస్తా కలం పక్కన పెట్టి మరీ నవ్వాడు. అధికారి గంభీరంగా, ఇది పరిహాసాల చోటు కాదండీ అన్నాడు. నేను మళ్ళీ అదే పేరు చెప్పాను, ఈసారి నవ్వు వీధిలోకి వెళ్ళింది. అన్నింటికంటే నన్ను కాల్చిందేమిటంటే మా తోడల్లుడు కూడా చిన్నగా నవ్వి కూర్చునే ఉన్నాడు, అలవాటైపోయింది పాపం. మూడోసారి ఇంటిపేరు, తండ్రి పేరు, వీధి పేరు, చేసే పని అన్నీ కలిపి, నీళ్ళరేవు దాకా వినబడేంత గట్టిగా చెప్పి, రాసుకోండి అని కలం తీసి గుమాస్తా చేతికిచ్చాను. నవ్వు ఆగింది. మా తోడల్లుడు మెల్లగా లేచి చేతులు జోడించాడు. ఏమనుకున్నాడో తెలుసుకుందామంటే అతను తల ఎత్తలేదు.

అతను ఓడిపోయాడు, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే ఓట్ల తేడాతో. అవి ఎవరి నోటి వల్ల పోయాయో ఊరందరికీ తెలుసు. ఇంతా చేసి ఏం సాధించాను? ఆ సాయంత్రం అతనింటి ముందు జనం గెలిచినవాడి దగ్గర కంటే ఎక్కువగా ఉన్నారు. నూనె కొట్టాయన ముందు వరసలో ఉన్నాడు. మామగారు నరసాపురం నుంచి కాలవ పడవ మీద వచ్చి చిన్నల్లుణ్ణి కౌగిలించుకుని, ఓడినా నువ్వేరా అన్నారు. నావైపు తిరిగి, "నీ ఓటు కూడా వేళాకోళమేనటగా" అన్నారు. ఓడిపోవడంలో కూడా వాడు నాకంటే ముందే ఉన్నాడు చూడండి. నేను ఎంత గెలిచినా నాకు ఒక దండ పడదు.

అతను మళ్ళీ ఎన్నికల జోలికి పోలేదు. కొన్నాళ్ళకు మరదలు వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఒకే పంక్తిలో భోజనం చేశాం, అన్నయ్యగారూ అనడం మానలేదు, నేను ఆ వరండాలో చెప్పిన పేరు నిజంగా చెప్పానో వెటకారానికి చెప్పానో అతను అడగలేదు, నేను చెప్పలేదు. తరవాతెప్పుడో దొరలు ఉప్పు పన్ను తగ్గించారు. ఆ కబురు పత్రికలో చదివి మా కొట్టు దాకా వచ్చాడు, కానీ చెప్పవలసిన మామ్మ అప్పటికి లేదు. ఇద్దరం గట్టు మీద కాసేపు కూర్చున్నాం. మురుగుకాలవ మాత్రం అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. అతను పోయి చాలా ఏళ్ళయింది. అతను పోయాక నాకు అసూయ పడటానికి తగిన మనిషి ఈ ఊళ్ళో దొరకలేదు.

ఇప్పటివాళ్ళది హాయి. తెర చాటుకి వెళ్ళి ఎవరి మీది కడుపుమంటైనా పెట్టెలో వేసి, మొహం తుడుచుకుని బయటికి రావచ్చు, ఎవరూ లేవక్కర్లేదు, ఎవరికీ చేతులు జోడించక్కర్లేదు. మేము మా కుళ్ళుని కూడా పట్టపగలు పదిమందిలో పైకి చెప్పి బతికాం.

మొన్న ఆ ఉద్యోగి రహస్యమండీ అన్నాక కూడా జాబితా ఒకసారి పైనుంచి కిందికి చూసుకుని, "అయినా తాతగారూ, మీరు చెప్పిన పేరుగలవారెవరూ ఈసారి నిలబడలేదండీ" అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.